ఎన్ని పూలు మనవి?

ఫాల్గుణం వచ్చేసరికి మన అడవిలో మోదుగులు ఎర్రగా పూస్తాయి. హోలీకి ఆ పూలు ఉడకబెట్టి రంగునీళ్లు చల్లుకోవడం మనకు తెలిసిందే. ఇప్పుడు అదే రంగుతో మన యువతీ యువకులు గుడ్డ మీద, కాగితం మీద స్క్రీన్ ప్రింటింగ్ నేర్చుకుంటున్నారు. మంచిదే. అయితే ఈ పని వెంట ఒక ప్రశ్న కూడా వచ్చింది. అడవి నుంచి మనం ఎంత తీసుకోవచ్చు?

గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టి, పటిక పెడతాం. పూల రంగును మరిగించి చింతగింజల పిండితో చిక్కబరుస్తాం. లేకపోతే రంగు పాకిపోయి బొమ్మ చెదురుతుంది. స్క్రీన్ మీద ఆ ముద్ద పోసి రబ్బరు పలకతో లాగితే బొమ్మ దిగుతుంది.

చేత్తో బొమ్మ వేస్తే చెయ్యి అలసిపోతుంది. అదే ఒక హద్దు. స్క్రీన్ అలసిపోదు. వెయ్యి సంచులు అడిగితే వెయ్యీ అచ్చు వేస్తుంది. కానీ మోదుగు పువ్వే కాయ అవుతుంది, కాయకు ఒక్కటే గింజ. కొమ్మలు దులిపి పూలన్నీ తెచ్చుకుంటే రేపటి మొక్కలు ఎక్కడివి? ఆ తేనె తాగే గోరింకలకు ఏం మిగులుతుంది? బెరడు రంగులైతే మరీ కష్టం. చుట్టూ వలిస్తే చెట్టే ఎండిపోతుంది.

"మనం తియ్యకపోతే బయటివాళ్లు తీస్తారు" అని మన పిల్లలు అంటారు. ఆ మాటలో ఆకలి ఉంది, తోసిపుచ్చలేం. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులు సేకరించి అమ్ముకునే హక్కు మనకిచ్చింది. అడవిని కాపాడే అధికారం కూడా గ్రామసభకే ఇచ్చింది. తీసుకునేదీ మనమే, ఆపవలసిందీ మనమే.

కొత్త పండుగ చెయ్యకుండా కొత్త కాయ నోట పెట్టకూడదని మన పెద్దలు అనేవారు. అది మూఢనమ్మకమని బడిలో మనమే చెప్పిన రోజులున్నాయి. ఇప్పుడు ఆలోచిస్తే, అది కాయను ముదరనిచ్చే కట్టుబాటు. రంగుకూ అలాంటిదే కావాలి. రాలిన పూలే ఏరుదాం. బెరడు ముట్టవద్దు. ఆ ఏడు ఎన్ని పూలు దొరికితే అన్నే సంచులు. ఈ రంగు ఎండకు వెలుస్తుందన్న నిజం కూడా కొనేవాళ్లకు చెబుదాం.

వెయ్యి అడిగినచోట మూడు వందలే ఇస్తే రాబడి తగ్గుతుంది. ఆ నష్టాన్ని అందరం ఎలా పంచుకోవాలో ముందు గ్రామసభలో తేల్చుకోవాలి. అది తేల్చకుండా హద్దు గీస్తే, ఆ భారం మనలో బీదవాళ్ల మీదే పడుతుంది.