నెమో మన దేశస్థుడే

ఫ్రెంచ్ రచయిత జూల్ వెర్న్ సృష్టించిన జలాంతర్గామి నాయకుడు నెమోను చాలామంది యూరప్ వాడనుకుంటారు. కాదు! 1875లో పూర్తయిన 'ది మిస్టీరియస్ ఐలండ్' నవలలో వెర్న్ అసలు సంగతి బయటపెట్టాడు. నెమో బుందేల్‌ఖండ్ యువరాజు డక్కార్. 1857 తిరుగుబాటులో అయినవాళ్లను పోగొట్టుకున్నవాడు. అంత గొప్ప నావను కట్టిన చేతులే పగతో ఓడల్ని ముంచాయి. దిక్కులేని ద్వీపవాసులకు చాటుగా సాయం చేసినవీ ఆ చేతులే.

వెర్న్‌కు శాస్త్రమంటే ప్రాణం. అయినా దాన్ని పట్టుకున్న మనిషిని చూసి భయపడ్డాడు. 1879 నాటి నవలలో భారతదేశపు బేగం ఆస్తి ఇద్దరు పండితుల పాలవుతుంది. ఒకరు ఆరోగ్యనగరం కట్టారు, మరొకరు ఫిరంగుల నగరం. డబ్బు ఒకటే, విజ్ఞానమూ ఒకటే!

ఆ రోజుల్లోనే, 1874 డిసెంబరు 9న, విశాఖపట్నంలోని వేధశాలలో అంకితం వెంకట నరసింగరావు సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిపోవడాన్ని టెలిస్కోపుతో పరిశీలించారు. ఆ వేధశాల ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు నెలకొల్పినది. నెమో కల్పన, నరసింగరావు నిజం. కల్పన ప్రపంచమంతటికీ తెలుసు, నిజం పొరుగునే ఉన్న గజపతినగరం పిల్లలకైనా తెలియాలి కదా? బడి గ్రంథాలయంలో వెర్న్ నవల పక్కన ఈ మామా అల్లుళ్ల కథ కూడా ఉండాలి. ఉపాధ్యాయులు ఈ వారమే ఆ పేర్లు పిల్లలకు చెబితే బాగుంటుంది.