గుర్రాలు విప్పిన వేళ

మంగళవారం మా అన్నయ్య కొడుకు మెట్లు దిగుతుంటే చూశాను. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. రెయిలింగ్ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, పళ్లు బిగబట్టి దిగుతున్నాడు. ‘ఏమైందిరా?’ అన్నాను. ‘పిక్కలు పట్టేశాయి బాబాయ్. ఆదివారం నుంచి పరుగు మొదలెట్టా. రోజూ అయిదు కిలోమీటర్లు’ అంటూ చేతి వాచీ చూపించాడు. ఒక్కరోజు మానితే అందులో వరస తెగిపోతుందట.

ఆ వరస మీదే నా కోపం. వాచీకి మొక్కుకుని కాళ్లను కష్టపెట్టడం ఏం నిష్ఠ? ఏకాదశి ఉపవాసం ఎంత ముఖ్యమో, ద్వాదశి పారణా అంతే ముఖ్యమని అంబరీషుడి కథ వింటూ పెరిగినవాళ్లం. దుర్వాసుడంతటివాడు అతిథిగా వచ్చినా, ఆ రాజు పారణ ఘడియ దాటనివ్వలేదు. పరుగెత్తిన కాళ్లకి విశ్రాంతి అలాంటి పారణే.

సైంధవుడి వధ నాడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. సూర్యాస్తమయం లోపు శపథం నెరవేరాలి. లేకపోతే అర్జునుడికి అగ్నిప్రవేశమే. అంత గడువు మీద ఉండి కూడా, గుర్రాలు అలసిపోయాయని నడి యుద్ధరంగంలో రథం ఆపారు. అర్జునుడు నేల మీద నిలబడి శత్రువులను అడ్డుకుంటూ, బాణంతో నీళ్లు పైకి తెచ్చాడు. శ్రీకృష్ణుడు కాడి విప్పి, గుర్రాల ఒంట్లో దిగిన బాణాలు పీకి, చేతులతో ఒళ్లు నిమిరి, నీళ్లు తాగించి, మేత పెట్టాడు. తర్వాతే మళ్లీ రథం కట్టాడు. జగన్నాథుడు చేసిన ఆ చాకిరీ తలచుకుంటే నాకు ప్రతిసారీ కళ్లు చెమరుస్తాయి. శరీరం రథమనీ, ఇంద్రియాలు గుర్రాలనీ కఠోపనిషత్తు చెప్పింది. గుర్రాలను ఎప్పుడు విప్పాలో తెలియనివాడు సారథి ఎలా అవుతాడు?

కొత్తగా పరుగెత్తితే కండరాల పోగుల్లో కంటికి కనపడని చీలికలు వస్తాయి. నొప్పి అప్పటికప్పుడు తెలియదు. మర్నాటికి మొదలై, రెండు మూడు రోజులకి బాగా పెరిగి, తర్వాత తనంతట తగ్గుతుంది. ఆ చీలికలు పూడి కండ గట్టిపడేది విశ్రాంతిలోనే, అందులోనూ నిద్రలో. అమెరికాలో జోష్ క్లార్క్ 1996లో కొత్తవాళ్ల కోసం 9 వారాల పద్ధతి ఒకటి తయారుచేశాడు. అందులో పరుగు వారానికి 3 రోజులే. మొదటి వారమైతే 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక, మళ్లీ పరుగు, మళ్లీ నడక. ఆహారవిహారాల్లో మితం గురించి గీత ఆరో అధ్యాయం చెప్పింది ఆయన చదివాడో లేదో గాని, పాటించాడు.

అన్ని నొప్పులూ ఒకటి కాదు. పిక్కంతా, తొడంతా పరుచుకున్న తీపు భయపడేది కాదు. మోకాలి కింద, ముందు ఎముక లోపలి అంచు వెంబడి లాగుతుంటే కొన్నాళ్లు పరుగు ఆపాలి. ఎముక మీద వేలు పెట్టి చూపించగలిగినట్టు ఒక్కచోటే పోటు ఉండి, నడిచినా తగ్గకపోతే, అక్కడ సన్నటి పగులు మొదలై ఉండొచ్చు. అప్పుడు తైలాలతో కాలయాపన చెయ్యకుండా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇదంతా వాడికి చెప్పాను. నిన్న పొద్దున వాడు పరుగుకి వెళ్లలేదు. గుమ్మంలో కూర్చుని, మా అమ్మ గోరువెచ్చగా కాచిన నువ్వులనూనె పిక్కలకి రాసుకుంటున్నాడు.

‘ఎముక మీద నొక్కి చూశావా?’

‘చూశా బాబాయ్. పిక్కలోనే ఉంది.’