సాక్షి పలుకును తూచు ధర్మము

సాక్షి పలుకును తూచుట ధర్మకార్యము. అప్పీలు న్యాయస్థానము సాక్షిని కన్నులార చూడదు. కాగితముపై నిలిచిన వాఙ్మూలమునే చదువును. అందుచే సాక్షిని ఎదుట చూచి విన్న క్రింది న్యాయాధిపతి అభిప్రాయమును సామాన్యముగా మన్నించును. కాని ఆ అభిప్రాయమే తప్పుడు తూకపురాళ్లతో ఏర్పడినచో ఏమి చేయవలెను?

1984లో పంజాబునందు, పరీక్ష వ్రాసి వచ్చుచున్న పదునారేండ్లు నిండని బాలికను కొందరు కారులో బలవంతముగా ఎత్తుకొనిపోయి చెరచిరి. ఆమె కారు రకమును సరిగా చెప్పలేదనియు, దారిలో కేకలు వేయలేదనియు క్రింది న్యాయస్థానము ఆమెను నమ్మక నిందితులను విడిచిపెట్టెను. 1996లో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చెను. చంపుదుమని బెదిరించినపుడు కేకలు వేయకుండుట అబద్ధమునకు గుర్తు కాదనియు, చిన్న పొరపాట్లు మూలసత్యమును చెరపజాలవనియు, నమ్మదగిన బాధితురాలి మాటకు వేరు సాక్ష్యము తప్పనిసరి కాదనియు నిర్ణయించెను.

ప్రతి ఆరోపణయు సత్యమని దీని భావము కాదు. మూలవిషయమునందే సందేహమున్నచో దాని ఫలము నిందితునికే చెందును. తూకము ఇరువురికిని సమముగా నుండవలెను.

పుట్టుకను గాక నడతను చూడుమని బసవేశ్వరుడు బోధించెను. పలికినవారి బలహీనతను గాక పలుకులోని సత్యమును చూచుట ఆ బోధకు తగిన నడవడి. ఇంటిలోనైనను, మఠమునందైనను ఆర్తురాలి మాట వినువారు “ఏల అరవలేదు?” అని అడుగుటకు ముందు, ఆమె నోరు మూయించినదెవరో విచారింపవలెను.