రూపాయి తీసి రూపాయి వేశాను

తాతయ్య పోయాక ఆయన నాణేల డబ్బా నాకొచ్చింది. చిన్నప్పుడు తెనాలిలో సెలవులకి వెళ్తే ఆ మూటలు విప్పి చూపించేది నాకే కాబట్టి, పంపకాల్లో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. నాలుగు పలకల బేడలు, మధ్యలో చిల్లున్న కానులు, 1957లో లెక్క మారినప్పటి నయాపైసలు, విడిగా కట్టిన ఓ మూటలో 41 వెండి రూపాయలు. వాటితోపాటు అట్ట చిరిగిన చిట్టా పుస్తకం ఒకటి.

మూడేళ్లు అల్మరాలో పడున్నాయి. ఈమధ్య ఇల్లు మారుతుంటే మళ్లీ చేతికొచ్చాయి. పాత నాణేనికి లక్షలిస్తారని ఒక ఫ్రెండ్ వీడియోలు పంపాడు. అలాంటి వ్యాపారంలో తన పేరు వాడుకుని మోసాలు చేస్తున్నారని 2021లో రిజర్వ్ బ్యాంకే హెచ్చరించింది. మ్యూజియంకి ఇవ్వొచ్చుగా అన్నారు ఇంకొకరు. అప్పట్లో ప్రతి ఇంట్లో తిరిగిన కానులతో మ్యూజియం వాళ్లకేం పని? మిగిలింది రెండే: ఉంచుకోవడం, అమ్మడం. ఏదో ఒకటి తేల్చేద్దామని కూర్చుని, మొదటిసారి ఆ చిట్టా చదివాను.

ప్రతి నాణేనికీ ఒక తేదీ. దాని పక్కన ఒకే మాట: "గల్లాలో రూపాయి తీసి రూపాయి వేశాను." బేడ తీస్తే బేడ, పావలా తీస్తే పావలా. తాతయ్య నిజాయితీకి ముచ్చటేసింది. ఆ ముచ్చట ఎంతోసేపు నిలవలేదు.

ఎందుకంటే ఆ గల్లాపెట్టె ఆయనొక్కడిదే కాదు. కిరాణా కొట్టు అన్నదమ్ములిద్దరిదీ. వెండి రూపాయలన్నీ తీసింది 1948 తర్వాత. దానికి ముందు జరిగింది కొంచెం చెప్పాలి. 1940కి ముందు రూపాయి బిళ్లలో పన్నెండింట పదకొండు పాళ్లు వెండి ఉండేది. యుద్ధం రోజుల్లో దాన్ని సగానికి తగ్గించారు. 1947లో వెండి పూర్తిగా పోయి నికెల్ రూపాయి వచ్చింది. అంటే తాతయ్య తీసిన రూపాయిలో దాదాపు 5.8 గ్రాముల వెండి ఉంది. వేసిన రూపాయి నికెలో, కాగితమో. రెండింటి మీదా రాసున్నది మాత్రం ఒక రూపాయే.

మంచి నాణెం దాక్కుంటుంది, నాసి నాణెం బజార్లో తిరుగుతుంది అని గ్రెషామ్ సూత్రం. ఆర్థికశాస్త్రంలో అది మనుషుల స్వభావం గురించిన మామూలు పరిశీలన. అన్నదమ్ముల గల్లాపెట్టె దగ్గరికొచ్చేసరికి మాత్రం అది ఇంకో ప్రశ్న అయింది నాకు. అంకె సరిపోతే లెక్క సరిపోయినట్టేనా?

నాన్ననడిగాను. "కొట్టు నడిపింది తాతయ్యేరా. చిన్నతాతయ్య లెక్కలు చూసేవాడు కాదు" అన్నాడు. తాతయ్యని వెనకేసుకు రావడానికే అన్నాడు గానీ, నాకు అదే అడ్డం పడింది. ఇద్దరికీ తెలిసి ఒకరు తీసుకోవడం వేరు, ఒకరికి తెలియకపోవడం వేరు.

తాతయ్య పెద్దకర్మ రోజు చిన్నతాతయ్య కొడుకు, మా బాబాయ్, "ఆ నాణేల డబ్బా ఉందా ఇంకా?" అని అడిగాడు. గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శవం లేచిన పదో రోజుకే ఆస్తి గురించా అనుకున్నాం. నేనూ అనుకున్నాను. కొట్టు పంపకంలో వాళ్లకి తక్కువొచ్చిందన్న మాట అప్పటికే ఎన్నోసార్లు విన్నవాణ్ని, అయినా అనుకున్నాను.

తాతయ్య వైపు నుంచి చెప్పాల్సిందీ ఉంది. ఆయన ఆ రూపాయల్లో ఒక్కటి కూడా అమ్మలేదు. కొట్టు దెబ్బతిన్న ఏడాది కూడా ఆ మూట విప్పలేదని నాన్న చెప్పాడు. వెండి కోసం దాచినవాడైతే అప్పుడైనా అమ్మేవాడు. దొంగ ప్రతి లైనూ తేదీతో సహా రాసిపెట్టడు కూడా. ఆయనకి నిజంగా ఆ బిళ్లల మీద ఇష్టం, అంతే. నాకు అనుమానం లేదు.

కానీ ఆ ఇష్టం నాకు వారసత్వంగా రాలేదు. నాకొచ్చింది వెండి. ఆయన దగ్గరున్నంతకాలం అవి సరదా, నేను షాపుకి తీసుకెళ్లి తూకం వేయించిన నిమిషం నుంచి లాభం. ఆ గల్లాపెట్టెలో ఏదైనా తప్పు జరిగుంటే, దాన్ని పూర్తి చేసేవాణ్ని నేనే అవుతాను. పోనీ అమ్మకుండా "తాతయ్య జ్ఞాపకం" అని దాచుకుంటే? అదీ అంత శుభ్రమైన పనిలా కనిపించడం లేదు. జ్ఞాపకం అన్నాక ఇక ఎవరూ వాటా అడగలేరు. తాతయ్య ఉంటే ఏమనేవాడో అని ఆలోచించి చూశాను. ప్రతిసారీ నాకు అనుకూలమైనదే అన్నాడాయన. చనిపోయినవాళ్లతో అదే సౌకర్యం.

చట్టం ప్రకారం నేనెవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదని తెలుసు. సగం రూపాయలు బాబాయ్‌కి కొరియర్ చేసి చేతులు దులుపుకోవచ్చని కూడా అనిపించింది. అలా చేస్తే ఎంత ఇవ్వాలో, ఎందుకివ్వాలో మళ్లీ మా వైపు మనిషే తేల్చినట్టవుతుంది. గల్లా దగ్గర కూడా జరిగింది అదేగా.

మొన్న ఫోన్ చేసి, డబ్బా నా దగ్గరే ఉంది, మాట్లాడాలి బాబాయ్ అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇప్పుడా?" అన్నాడు.

వచ్చే ఆదివారం తెనాలి వెళ్తున్నాను. మూటలన్నీ పట్టుకెళ్తాను, ముందు మాత్రం చిట్టా ఆయన చేతికిస్తాను. చదివాక ఆయన ఏమంటే దాని గురించి మాట్లాడుకోవాలి. ఏమంటాడో నాకు తెలీదు. తాతయ్యని ఏదైనా అంటే ఊరుకోగలనో లేదో, అదీ తెలీదు.