సాహసం, జ్ఞానం, బాధ్యత

సాహసం నైతిక గుణమా, కాదా అన్న ప్రశ్న పాతదే. కాని ఆ ప్రశ్నను మనం ఎప్పుడూ సాహసించేవాడి వైపునుంచే వేసుకుంటాము. గోడ దూకినవాణ్ణి మెచ్చుకుంటాము, లేదా మందలిస్తాము. అతని పక్కన నిలబడి చూస్తున్నవాడి సంగతి పట్టించుకోము. దూకినవాడు పడిపోతే ఆ పక్కవాడికి ఏమి తెలిసివుండాలి? తెలియకపోతే అది వట్టి అజ్ఞానమా, అపరాధమా? చూడటానికి ఇది చిన్న ప్రశ్నే గాని, మనిషికీ మనిషికీ వుండవలసిన సంబంధాన్ని గురించి మనకున్న అభిప్రాయాలన్నీ దీనిలో బయటపడతాయి.

పార్కూర్ అనే విద్య ఇటీవల మన పట్టణాల యువకులకు కూడా పరిచయమయింది. గోడలు, మెట్లు, కటకటాలు ఏవి అడ్డమొచ్చినా పనిముట్లు లేకుండా, శరీరబలంతోనే దాటిపోవడం దాని లక్షణం. 1980ల చివర పారిస్ శివార్లలోని లిస్, ఎవ్రీ వంటి పట్టణాలలో, సామాన్య కుటుంబాల పిల్లల మధ్య అది రూపు దిద్దుకున్నది. దాని మూలాలు ఇంకా వెనక్కి పోతాయి. జార్జ్ ఎబేర్ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి 20వ శతాబ్దం ఆరంభంలో ఒక వ్యాయామ పద్ధతిని ప్రచారం చేశాడు. అంతకు ముందు, 1902లో మార్టినీక్ దీవిలో పెలే అగ్నిపర్వతం పేలినప్పుడు, ప్రజలను తప్పించే పనిలో అతడు పాల్గొన్నాడు. మనిషి బలం సంపాదించడం పదిమందికి వుపయోగపడటానికే నన్నది అతని సిద్ధాంతసారం. ఆ సారం జారిపోయి ఇవాళ చాలాచోట్ల వేషం మాత్రమే మిగిలింది. దూకేవాడి ఎదుట ఫోను పట్టుకొని బొమ్మ తీసేవాడు ఎప్పుడూ సిద్ధంగా వుంటాడు. కట్టు కట్టడం వచ్చినవాడు ఒక్కడైనా వున్నాడా అని ఎవరూ అడగరు.

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి పారిస్ దాకా పోనవసరం లేదు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో, 2016 తరువాత పెద్దపల్లి, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్ మొదలైన జిల్లాలుగా విడిపోయిన ఈ నేలమీద, శరీరాన్ని పణంగా పెట్టి బతికేవారు తరతరాలుగా వున్నారు. వారికి అది ఆట కాదు, కూడు. ఒకడు తాడిచెట్టు ఎక్కుతాడు, ఇంకొకడు బొగ్గుబాయిలోకి దిగుతాడు. ఈ యిద్దరి అనుభవాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మన సమస్య తేటపడుతుంది.

గీత కార్మికుడు ముస్తాదు కట్టుకొని, మోకు వేసుకొని ఒంటరిగా చెట్టెక్కుతాడు. మోకు జారిందంటే నేలమీదికే. అప్పుడు ఏమి జరుగుతుంది? కేక విని చేలలోనివారు పరుగెత్తుకొస్తారు. ఒకరు చంకల కింద చేతులు వేస్తారు, ఒకరు కాళ్లు పట్టుకుంటారు, నడుము వంగిపోతుంది. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోస్తారు. ఆటోలో ఇద్దరి మధ్య కూర్చోబెట్టి దవాఖానకు తీసుకుపోతారు. వీరిలో ఎవరికీ చెడు వుద్దేశం లేదు. పైగా ఏడుస్తూనే ఇదంతా చేస్తారు. కాని విరిగిన పూస వంగి లోపలి వెన్నుపాము నలిగితే, తిరిగి నడవగలిగి వుండేవాడు జీవితాంతం మంచానికి అంటుకుపోవచ్చు. నోట్లో పోసిన నీళ్లు వూపిరితిత్తుల్లోకి పోవచ్చు.

మంచి మనసుంటే చాలునన్న నీతిశాస్త్రం ఇక్కడ ఓడిపోతుంది. వుద్దేశం పవిత్రమయితే కర్మఫలం ఏదయినా దోషం లేదని చెప్పుకోవడం చేసినవాడికి ఓదార్పు కావచ్చు, మంచాన పడ్డవాడికి కాదు. ప్రేమించేవాడు తెలుసుకోవడానికి కూడా కట్టుబడి వున్నాడు. తెలుసుకునే వీలు లేనివాడి అజ్ఞానం అతని తప్పు కాదు. ఆ తప్పు అతనికి ఆ వీలు కల్పించని సమాజానిది. వీలుండీ తెలుసుకోనివాడి అజ్ఞానం మాత్రం నిర్దోషం కాదు.

ఇంతకూ తెలుసుకోవలసినది ఎంత? నాలుగయిదు సంగతులు. పడినవాణ్ణి అవసరం లేనిదే కదపరాదు. కదపక తప్పకపోతే ఒకరు తలను పట్టుకొని, తక్కినవారు ఒకే మాటమీద, తల, మెడ, నడుము ఒకే వరుసలో వుండేట్టు దొర్లించి గట్టి చెక్కమీదికి చేర్చాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గాయంమీదే గట్టిగా అదిమి పట్టాలి. విరిగిన ఎముకను కదలకుండా కట్టాలి. పిలిచినా పలకక, వూపిరి ఆగిపోతే ఎదురొమ్ము నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు బలంగా నొక్కాలి. తలకు దెబ్బ తగిలి ఒక్క క్షణం మైకం కమ్మినా, ఆ రోజు అతణ్ణి మళ్లీ ఎక్కనివ్వరాదు, దూకనివ్వరాదు. ఈ చివరిదే అన్నిటికంటె కష్టం. మొదటివాటికి చేతి నేర్పు చాలు. దీనికి స్నేహితుడి కోపాన్ని భరించే ధైర్యం కావాలి.

ఇప్పుడు బొగ్గుబాయి సంగతి చూద్దాం. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్ ప్రాంతాల సింగరేణి గనులలో ప్రథమ చికిత్స ఎవరి దయాదాక్షిణ్యాలమీదా ఆధారపడిన విషయం కాదు. ప్రథమ చికిత్స పెట్టెలు పని జరిగే వేళలంతా అందుబాటులో వుండాలని 1952 నాటి గనుల చట్టం శాసించింది. గనిలో సర్దారు కాదలచినవాడు, షాట్‌ఫైరర్ కాదలచినవాడు, ఓవర్‌మెన్ కాదలచినవాడు ప్రథమ చికిత్స నేర్చినట్టు పత్రం చూపవలసిందే. సింగరేణిలో ప్రథమ చికిత్స పోటీలు జరుగుతాయి, రామగుండంలో గని రక్షణ కేంద్రం వుంది. ఈ నియమంలో ఒక గొప్ప నైతిక సూత్రం ఇమిడివుంది. పదిమంది చేత ప్రమాదకరమైన పని చేయించే అధికారం కావాలంటే, ఆ పదిమంది గాయాలకు కట్టు కట్టే విద్య ముందు రావాలి. అంటే జ్ఞానం లేని అధికారానికి అర్హత లేదన్నమాట.

ఈ సూత్రం బాయిలో పుట్టి చెట్టుకింద ఎందుకు పుట్టలేదు? గని కార్మికులు గీత కార్మికులకంటె మంచివారనా? కాదు. బాయిలో పైకప్పు అందరి నెత్తిమీదా ఒక్కటే, కూలితే అందరిమీదా కూలుతుంది. పని సమష్టిగా జరుగుతుంది గనుక బాధ్యత కూడా సమష్టి రూపం పొందింది. కార్మికసంఘాల బలం దానికి తోడయింది. చెట్టెక్కేవాడు ఒంటరి గనుక అతని ప్రమాదం అతని తలరాతగా చలామణి అయింది. నీతి కూడా జీవన పరిస్థితులలోనుంచే మొలుస్తుందనడానికి ఇంతకంటె దగ్గరి వుదాహరణ అక్కరలేదు.

దీనిమీద రెండు ఆక్షేపణలు రావచ్చు. గాయపడేవారినే వైద్యం నేర్చుకొమ్మంటే, ప్రమాదాలకు కారకులైనవారు చేతులు దులుపుకోరా అన్నది మొదటిది. ఇది తేలికగా తోసిపుచ్చదగినది కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. వారిని ఏ దూదీ, ఏ కట్టూ కాపాడగలిగి వుండేది కాదు. ప్రథమ చికిత్స భద్రతకు బదులు కానేరదు. అయితే ఈ రెండింటికీ వైరం లేదు. పెట్టెలో ఏమేమి వుండాలో తెలిసినవాడే దాన్ని తెరిచి చూస్తాడు, ఖాళీగా వుంటే నిలదీస్తాడు. తెలియనివాడికి ఖాళీ పెట్టె కూడా పెట్టెలాగే కనిపిస్తుంది. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య పేరిట రక్షణ కిట్లు పంచడం ప్రారంభించింది. అది మంచిదే. అందరికీ అందాలని అడగవలసిందే. కాని కిట్టు పడకుండా ఆపుతుంది. పడ్డవాణ్ణి ఎత్తవలసినవి మనుషుల చేతులే.

అరకొర వైద్యం ప్రమాదం, అది డాక్టర్లకు వదిలేయాలి అన్నది రెండవ ఆక్షేపణ. 2005 ఆగస్టు 15న 108 సర్వీసు మొదలయిన తరువాత ఈ మాట మరింత వినబడుతున్నది. కాని వుట్నూరు, తిర్యాణి అడవి గూడేలకు అంబులెన్సు ఎంత తొందరపడ్డా దారి దూరం తగ్గదు. పెద్ద నరం తెగితే మనిషి నిమిషాలలో పోతాడు. మొదటి నిమిషాలు ఎప్పుడూ పక్కవాడివే. కెనడా డాక్టరు నార్మన్ బెథ్యూన్ 1938, 39లలో చైనా వెళ్లి గాయపడినవారికి శస్త్రచికిత్సలు చేయడంతో తృప్తిపడలేదు. రైతుబిడ్డలకు కట్లు కట్టడం, గాయాలు శుభ్రం చేయడం నేర్పాడు. శస్త్రచికిత్స చేస్తుండగా వేలికి తగిలిన గాయం విషమించి 1939 నవంబరు 12న మరణించాడు. అతడు పోయినా అతని విద్య పోలేదు, ఎందుకంటే అది అప్పటికే అనేకుల చేతుల్లోకి వచ్చింది.

కేసులపాలవుతామన్న భయం ఇంకొకటి. రోడ్డు ప్రమాదాలలో సాయపడేవారి రక్షణకు 2016 మార్చి 30న సుప్రీంకోర్టు మార్గదర్శక సూత్రాలను ఆమోదించింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 134ఎ సెక్షనుతో ఆ రక్షణను శాసనం చేసింది. ఈ సంగతి కూడా జనానికి చెప్పవలసినవాళ్లు చదువుకున్నవాళ్లే.

ఇక గోడ దూకే యువకుడి దగ్గరకు తిరిగి వద్దాం. "నా శరీరం, నా ఎముకలు, మధ్యన మీకేమిటి?" అంటాడతడు. ఎముక విరిగే క్షణం దాకా ఈ మాట నిజంలాగే వుంటుంది. విరిగిన మరుక్షణం అతడు నాలుగు చేతులకోసం చూస్తాడు. అంటే అతని స్వేచ్ఛ మొదటినుంచీ ఆ చేతులను నమ్ముకొనే నిలబడి వుందన్నమాట. ఆ అప్పును ఒప్పుకోకుండా దూకడం సాహసం కాదు, ఎగవేత. ఒప్పుకున్నవాడు తాను కూడా మరొకడికి చేతులు కావడానికి సిద్ధపడతాడు. దూకడం నేర్పేవాడు ముందు కట్టు కట్టడం నేర్చుకోవాలన్న సర్దారు నియమాన్ని ఈ యువకులు తమకు తామే పెట్టుకోవచ్చు. దానికి ఏ చట్టమూ అక్కరలేదు.

ఉపాధ్యాయుల, విద్యార్థుల వంతు కూడా ఇక్కడే వుంది. గనిలో ఈ విద్య నేర్చినవారు మన వూళ్లలోనే వున్నారు. వారిని ఒక్క ఆదివారం కాలేజీకి పిలిచి, మనం బల్లలమీద కూర్చొని నేర్చుకుంటే, గురువెవరు, శిష్యుడెవరు అన్న పాత లెక్క కూడా కొంత సరిదిద్దబడుతుంది. ఆ తరువాత నేర్చుకున్నదాన్ని తాటివనంలోకి తీసుకుపోవలసిన పని మనది.