మూడో వర్గం

ఎక్కడో ఒక ఘోరం జరుగుతుంది. పేపర్లో ఫోటోలు వస్తాయి, టీవీలో రోజంతా అదే చూపిస్తారు. మనం 'ఇన్నాలిల్లాహ్' అంటాం, 'అయ్యో పాపం' అనుకుంటాం. రెండో రోజు ఎవరిది తప్పని వాదించుకుంటాం. వారం తిరిగేసరికి మరో వార్త వస్తుంది, పాతది మరుగున పడిపోతుంది. కన్నవారిని, కట్టుకున్నవారిని పోగొట్టుకున్న ఇళ్ళలో మాత్రం ఆ రోజు అలాగే ఆగిపోయి ఉంటుంది.

ఇక్కడ ఒక ప్రశ్న ఉంది. ఆ ఘోరానికి మనం కారకులం కాము. ఎవరికీ హాని తలపెట్టలేదు. మన నమాజ్, మన ఉపవాసం, మన వ్యాపారం మనం చేసుకుంటున్నాం. అలాంటప్పుడు రేపు అల్లాహ్ సన్నిధిలో దీని గురించి మనల్ని అడగడం జరుగుతుందా?

సముద్రతీరపు పట్టణం

దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ ఆరాఫ్ సూరా (163 - 166 ఆయత్‌లు) ఒక సముద్రతీర పట్టణం గురించి ప్రస్తావించింది. అక్కడి ప్రజలకు శనివారం నాడు చేపలు పట్టడం నిషిద్ధం. పరీక్ష ఏమిటంటే, సరిగ్గా అదే రోజున చేపలు నీటిపైకి వచ్చి కనిపించేవి. ఆ ఊరివారు మూడు వర్గాలుగా చీలిపోయారు. ఒక వర్గం హద్దు మీరింది. రెండో వర్గం వారిని వారించింది. మూడో వర్గం తప్పు చేయలేదు, తప్పు చేసేవారిని ఆపనూ లేదు. పైగా, ఎలాగూ నాశనమయ్యేవారికి హితబోధ ఎందుకని ఆ మంచివారినే ప్రశ్నించింది. రేపు ప్రభువు ముందు సంజాయిషీ చెప్పుకోవాలి కదా, ఏమో, వీరు మారతారేమో అన్నది మంచివారి సమాధానం.

చివరికి శిక్ష వచ్చింది. చెడు నుంచి వారించినవారిని కాపాడినట్లు, దుర్మార్గులను పట్టుకున్నట్లు ఖుర్‌ఆన్ స్పష్టంగా తెలిపింది. మరి మూడో వర్గం ఏమైంది? ఆ సంగతి అక్కడ విడిగా చెప్పలేదు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఈ విషయమై ఎంతో కలత చెందేవారని వ్యాఖ్యాన గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆ వర్గం ఆ పాపాన్ని మనసులో అసహ్యించుకుంది కనుక వారూ రక్షణ పొంది ఉంటారని శిష్యుడు ఇక్రిమా వివరించినప్పుడు ఆయన ఎంతో సంతోషించారట.

ఖుర్‌ఆన్‌ను అంతగా అర్థం చేసుకున్న వ్యక్తి కూడా చూస్తూ ఊరుకున్నవారి గతి తలచుకొని భయపడ్డారు. మనం మాత్రం ఆ వర్గంలోనే హాయిగా కాపురం ఉంటున్నాం.

భోపాల్‌లో ఆ రాత్రి

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి. భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసైనేట్ అనే విషవాయువు వెలువడి నిద్రలో ఉన్న బస్తీలను కమ్మేసింది. ప్రాణాలు పోయినవారు వేల సంఖ్యలో ఉంటే, దెబ్బతిన్నవారు లక్షల్లో ఉన్నారు. ఇది ఆకాశం నుంచి ఊడిపడిన విపత్తు కాదు. ట్యాంకును చల్లగా ఉంచే యంత్రాన్ని అంతకు ముందే ఆపేశారు. వాయువును మండించి వేయాల్సిన గొట్టం పని చేసే స్థితిలో లేదు. ఈ కర్మాగారం వల్ల నగరానికి ముప్పు ఉందని రాజ్‌కుమార్ కేస్వానీ అనే విలేఖరి 1982 నుంచే రాస్తూ వచ్చారు. ఆయన రాశారు. నగరం చదివింది. పక్కన పెట్టేసింది.

అదే రాత్రి భోపాల్ రైల్వే స్టేషన్‌లో గులాం దస్తగీర్ అనే ఉద్యోగి విధుల్లో ఉన్నారు. గాలిలో విషం ఉందని గ్రహించగానే, ప్లాట్‌ఫారం మీద నిలిచి ఉన్న గోరఖ్‌పూర్ - బొంబాయి రైలును పైఅధికారుల అనుమతి కోసం ఆగకుండా, నిర్ణీత సమయానికి ముందే పంపించివేశారు. అటువైపు రైళ్ళు రాకుండా ఆపమని పక్క స్టేషన్లకు కబురు చేశారు. ఆ విషం ఆయన ఆరోగ్యాన్ని శాశ్వతంగా దెబ్బతీసింది. 2003లో ఆయన కన్నుమూశారు. కర్మాగారాన్ని ఆపే శక్తి ఆయన చేతిలో లేదు. ఒక రైలును పంపే శక్తి ఉంది. ఆయన చేతిలో ఉన్నది ఆయన చేశారు. ఆ రైలులోని వారి మతమేమిటో, ఊరేమిటో ఆయన అడగలేదు.

ఆ తర్వాత? కేసులో కింది కోర్టు తీర్పు వచ్చింది 2010లో. కర్మాగారం ఆవరణలో పడి ఉన్న 337 టన్నుల విష వ్యర్థాలను అక్కడి నుంచి తరలించింది 2025 జనవరిలో. అంటే నలభై ఏళ్ళు! ఈ లోపు 2020 మే 7న మన విశాఖపట్నంలోని వెంకటాపురం గ్రామాన్ని తెల్లవారుజామున స్టైరీన్ వాయువు చుట్టుముట్టింది. అక్కడా ట్యాంకులో వేడి పెరిగిందన్న సంగతే, అక్కడా ప్రజలను మేల్కొలపాల్సిన సైరన్ మోగలేదన్న సంగతే బయటపడింది. మరచిపోయిన పాఠం మళ్ళీ మన వాకిట్లోకి వచ్చింది.

విధిరాత అనే సాకు

'అంతా అల్లాహ్ నిర్ణయం, మనం చేసేదేముంది?' అని కొందరు అంటారు. విధిని విశ్వసించడం ఈమాన్‌లో భాగమే. కాని దాన్ని సోమరితనానికి దుప్పటిగా కప్పుకోవడం ఈమాన్ కాదు.

హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు వెళుతుండగా అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసింది. ఆయన వెనుదిరగాలని నిశ్చయించారు. అల్లాహ్ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. ఔను, అల్లాహ్ నిర్ణయం నుంచి అల్లాహ్ నిర్ణయం వైపుకే వెళుతున్నామన్నది ఉమర్ (రజి) సమాధాన సారాంశం. జరిగిపోయిన దాని విషయంలో విధి మనకు ఓదార్పు. జరగబోయే దాని విషయంలో మన ముందున్నది బాధ్యత. మనం ఈ రెంటినీ తారుమారు చేస్తున్నాం.

అదే ఖలీఫా, అరేబియాలో కరవు వచ్చిన 'రమాదా' సంవత్సరంలో, ప్రజల కష్టం తీరేదాకా నెయ్యి, మాంసం ముట్టలేదు. కరవును తెచ్చింది ఆయన కాదు. అయినా ఆకలితో ఉన్నవారి గురించి తనను ప్రశ్నించడం జరుగుతుందని ఆయన నమ్మారు.

ఎంతవరకు?

లోకంలోని దుఃఖమంతా ఒక్క మనిషి మోయగలడా? మోయలేడు. అల్లాహ్ ఎవరిపైనా శక్తికి మించిన భారం వేయడు. చెడును చేతితో ఆపాలని, అది చేతకాకపోతే నాలుకతో, అదీ చేతకాకపోతే మనసులో అసహ్యించుకోవాలని, ఈ చివరిది విశ్వాసపు అత్యంత బలహీన స్థాయి అని దైవప్రవక్త (స) బోధించారు. చేయి ఉండి, నోరు ఉండి కూడా మూడో మెట్టు మీదే కూర్చున్నవారు తమను తాము ప్రశ్నించుకోవాలి.

ఓడ ఉపమానం గుర్తు తెచ్చుకోండి. కింది అంతస్తువారు నీళ్ళ కోసం తమ భాగంలో రంధ్రం చేయబోతే పైవారు ఊరుకున్నారనుకోండి, అందరూ మునుగుతారు. పట్టుకొని ఆపితే అందరూ బతుకుతారు. పైవారు చిల్లు పెట్టలేదు. కాని సముద్రం ఆ తేడా చూడదు.

మన వంతు

రోడ్డు మీద ఎవరో రక్తపు మడుగులో పడి ఉంటారు. చుట్టూ గుమికూడినవారు సెల్‌ఫోన్లో చిత్రం తీస్తుంటారు. 'పోలీసు కేసు మనకెందుకు?' అన్న సాకు కూడా ఇప్పుడు చెల్లదు. ఆదుకున్నవారిని వేధించకుండా 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు ఆమోదం తెలిపింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే ఆ రక్షణ చేర్చారు. చట్టం దారి ఇచ్చింది. ఇక కదలవలసింది మన కాళ్ళే.

విపత్తు జరిగిన రోజు అన్నం పొట్లాలు ఇచ్చేవారు చాలామంది ఉంటారు. ఆరు నెలల తర్వాత ఆ ఇంటి తలుపు తట్టేవారే కరువు. ఒక వితంతువుకు నష్టపరిహారం దరఖాస్తు నింపిపెట్టడం, ఒక అనాథ బిడ్డ స్కూలు ఫీజు కట్టడం, కళ్ళారా చూసింది నిర్భయంగా సాక్ష్యం చెప్పడం, మన బస్తీ పక్కనే ఉన్న ప్రమాదం గురించి నలుగురూ కలిసి అధికారులకు అర్జీ పెట్టడం, ఇవన్నీ మన చేతిలో ఉన్న పనులే. మస్జిద్ కమిటీలు తలచుకుంటే వీటిలో ఏదీ కష్టం కాదు.

నేను జబ్బుపడితే నువ్వు పరామర్శించలేదు, ఆకలిగొంటే అన్నం పెట్టలేదు అని ప్రళయదినాన అల్లాహ్ తన దాసుణ్ణి నిలదీస్తాడని హదీసు తెలుపుతోంది. గమనించండి, అక్కడ అడిగేది చేసిన హాని గురించి కాదు. చేయకుండా వదిలేసిన మేలు గురించి.

సోదర సోదరీమణులారా! ఈసారి ఒక విషాద వార్త వినగానే 'ఇన్నాలిల్లాహ్' అనండి. ఆ వెంటనే 'ఇందులో నా చేతికి అందేది ఏది?' అని మనసును అడగండి. మూడో వర్గం నుంచి రెండో వర్గానికి దూరం ఎంతో లేదు, ఒక్క అడుగే. ఆ అడుగు వేసే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.