కనబడని చెక్క

మా తమ్ముడు భద్రాచలంలో పాత ఫైబర్ పడవ ఒకటి కొన్నాడు. 2022 జూలైలో గోదావరి అక్కడ 71.3 అడుగులకు లేచినప్పుడు పడిన అవస్థ వాడింకా మరిచిపోలేదు. పైకి పడవ నున్నగా, పెళ్ళికూతురిలా ఉంది. ఇంజను బిగించే వెనక పలకను వడ్రంగి సుత్తితో తడితే మాత్రం డొల్ల చప్పుడు! కోసి చూస్తే, ఫైబర్ పొరల మధ్యనున్న ప్లైవుడ్ నానిన అట్టలా నల్లగా ఊడి వచ్చింది. ఎవరో మర బిగించి, చుట్టూ సందు మూయడం మరిచారట. అంత చిన్న సందు చాలింది నీటికి!

చుట్టూ టేకు అడవి ఉండగా ప్లైవుడ్ ఎందుకురా అంటే, పలక తడికి ఉబ్బి ఫైబరును విడదీస్తుందన్నాడు తమ్ముడు. సరే, డబ్బు నేనిస్తానన్నాను. వాడూ వడ్రంగీ ఖమ్మం వచ్చారు, ముగ్గురం కొట్టుకు వెళ్ళాం. బీరువాలకు వాడే మామూలు రకం ఒకటి, ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ రకం ఒకటి. రెండోదాని ధర వినగానే నా గుండె గుభేలుమంది.

"ఎలాగూ పైన ఫైబర్ కప్పేస్తారుగా, లోపల ఏదైతేనేం? ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

వడ్రంగి తలెత్తకుండానే అడిగాడు: "ఆ పడవల మీరెక్కుతరామ్మా?"

జవాబు చెప్పలేకపోయాను. రెండు రకాల ముక్కలూ అడిగి తెచ్చి, పాత తపేలాలో ఉడకబెట్టాను. "ఇవాళ కూర ఇదేనా?" అని మావారు నవ్వారు. సాయంత్రానికి మామూలు ముక్క పొరలు పొరలుగా విచ్చుకుంది. దాని జిగురు గాలిలోని చెమ్మవరకే ఓర్చుకుంటుంది. రెండోది చెక్కుచెదరలేదు. 72 గంటలు మరిగినా పొర విడకూడదన్నది ఆ ముద్రకున్న నియమం.

చుట్టాలొస్తున్నారంటే చెత్త మంచం కిందకు తోసేసే చెయ్యి నాది. మీలోనూ కొందరిది కావచ్చు! కానీ మంచం కింది చెత్త ఎవరినీ ముంచదు. పడవలో ఎక్కే పసిపిల్ల లోపలి చెక్కను చూడదు, అడగదు, మనల్ని నమ్మి కూర్చుంటుంది. నేను "ఎవరు చూస్తారు?" అని లెక్క వేసుకుంటే, ఆయన "ఎవరు ఎక్కుతారు?" అని చూశాడు. నాకు తోచని ప్రశ్న అదే.

మెరైన్ రకమే కొన్నాం. అయినా వడ్రంగి ప్రతి అంచుకూ, ప్రతి బెజ్జానికీ రెజిన్ పట్టిస్తూనే ఉన్నాడు. "జిగురు ఊడకున్నా, నీళ్ళు దిగితే చెక్క కుళ్ళుతదమ్మా" అన్నాడు. మంచి సరుకు కొన్నామని నిశ్చింతగా కూర్చోవడానికీ లేదన్నమాట.

పడవ నీట దించిన రోజు, ఈత రాని నేనే మొదట ఎక్కాను.